విశ్వవిద్యాలయ అధ్యాపకుల వృత్తి వికాస కార్యశాలలు

నిర్వచనం, పరిధి

విశ్వవిద్యాలయాలలోనూ వాటికి అనుబంధంగా ఉన్న కళాశాలలలోనూ ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న అధ్యాపకులకు బోధన, పరిశోధన, పరీక్షల నిర్వహణ, విద్యాపాలన వంటి విధులలో నైపుణ్యం పెంచేందుకు ముందుగా నిర్ణయించిన కాలవ్యవధిలో, ఒక ప్రణాళిక ప్రకారం జరిపే సామూహిక శిక్షణను వృత్తి వికాస కార్యశాల అంటారు. ఈ శిక్షణ మూడు రోజుల నుంచి నెల రోజుల వరకు సాగుతుంది. శ్రోతలుగా కూర్చుని విని వెళ్లే సదస్సుకూ దీనికీ ఉన్న భేదం, ఇందులో పాల్గొనేవారు స్వయంగా పాఠం చెప్పి చూపడం, ప్రశ్నపత్రం తయారుచేయడం, సిలబస్ రాయడం వంటి పనులు చేయవలసి ఉండటమే. అయితే భారతదేశంలో ఈ భేదం ఆచరణలో ఎప్పుడూ స్పష్టంగా నిలవలేదు. కార్యశాల పేరుతో జరిగేవాటిలో ఉపన్యాస పరంపరలు కూడా గణనీయంగా ఉన్నాయి.

అధ్యాపక లోకంలో వీటిని వేర్వేరు పేర్లతో పిలుస్తారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఉద్దేశించినది ఓరియంటేషన్ ప్రోగ్రామ్, ఒక సబ్జెక్టులో వచ్చిన కొత్త పరిజ్ఞానాన్ని అందించేది రిఫ్రెషర్ కోర్సు, తక్కువ వ్యవధిలో ఒకే అంశంపై జరిగేది షార్ట్ టర్మ్ కోర్సు. ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ కళాశాలలలో వీటన్నిటికీ కలిపి ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్ అనే మాట, దాని పొడి రూపమైన ఎఫ్‌డీపీ స్థిరపడ్డాయి. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, పరిధిలో రూపొందిన వ్యవస్థను వివరిస్తుంది. పాఠశాల ఉపాధ్యాయుల శిక్షణ దీని పరిధిలోకి రాదు (చూ. ఉపాధ్యాయ విద్య).

అవసరానికి మూలం

పాఠశాలలో బోధించడానికి బీఎడ్ వంటి బోధనార్హత తప్పనిసరి కాగా, విశ్వవిద్యాలయంలో బోధించడానికి అటువంటి అర్హత ఏదీ అక్కరలేదు. స్నాతకోత్తర పట్టా, దానితోపాటు 1989లో మొదలైన జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో గానీ రాష్ట్రాల స్లెట్, సెట్ పరీక్షలలో గానీ ఉత్తీర్ణత, లేదా పీహెచ్‌డీ ఉంటే చాలు. నెట్ మొదటి పత్రంలో బోధనాభిరుచికి సంబంధించిన ప్రశ్నలు ఉన్నప్పటికీ, అభ్యర్థి తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పగలడో లేదో ఆ పరీక్ష చూడదు. పరిశోధనలో ప్రావీణ్యం ఉన్నవారు బోధనను అనుభవంతో తామే నేర్చుకుంటారన్న పాత విశ్వాసం దీని వెనుక ఉంది. విద్యార్థుల సంఖ్య తక్కువగా, వారి సామాజిక నేపథ్యం దాదాపు ఒకే తీరుగా ఉన్న కాలంలో ఈ విశ్వాసాన్ని ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు. ఉన్నత విద్య విస్తరించి, కుటుంబంలో తొలిసారి కళాశాల గడప తొక్కినవారు తరగతిలో ఎక్కువైనప్పుడు, సబ్జెక్టు తెలిసి ఉండటం ఒకటి, దాన్ని తెలియజెప్పడం మరొకటి అన్న సంగతి విధానకర్తల దృష్టికి వచ్చింది. ఉద్యోగానికి ముందు లేని శిక్షణను ఉద్యోగంలో చేరాక ఇచ్చే ఏర్పాటుగా కార్యశాలలు పుట్టాయి.

ఇతర దేశాలలో పూర్వరంగం

అధ్యాపకుని వృత్తి వికాసానికి సంస్థ బాధ్యత వహించాలన్న ఆలోచన మొదట సెలవు రూపంలో కనిపించింది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1880లో ప్రవేశపెట్టిన సబాటికల్ సెలవు, అంటే కొన్నేళ్ల సేవ తరువాత అధ్యయనం కోసం ఇచ్చే వేతన సహిత విరామం, దీనికి తొలి ఉదాహరణగా చెబుతారు. ఆ దశలో వికాసం అంటే సబ్జెక్టులో పాండిత్యాన్ని తాజాపరచుకోవడమే. బోధననే అధ్యయన విషయంగా తీసుకున్న కేంద్రాలు ఆ తరువాత చాలా కాలానికి గానీ రాలేదు. 1962లో మిషిగన్ విశ్వవిద్యాలయం స్థాపించిన అభ్యసన, బోధన పరిశోధన కేంద్రం ఆ దేశంలో ఈ కోవకు చెందిన మొదటిది. 1976లో ఈ రంగంలో పనిచేసేవారి వృత్తి సంఘం పాడ్ నెట్‌వర్క్ ఏర్పడటంతో అధ్యాపక వికాసం అక్కడ ఒక ప్రత్యేక వృత్తిగా గుర్తింపు పొందింది.

బ్రిటన్‌లో మార్గం వేరు. 1997 నాటి డియరింగ్ కమిటీ నివేదిక ఉన్నత విద్యలో బోధనకు వృత్తి ప్రమాణాలు ఉండాలని సూచించగా, 2006లో జాతీయ స్థాయి వృత్తి ప్రమాణాల చట్రం వెలువడింది. అధ్యాపకులు ఎన్ని రోజులు శిక్షణకు హాజరయ్యారన్నది కాక, తమ బోధనకు సంబంధించిన ఆధారాలను సమర్పించి ఫెలోషిప్ అనే గుర్తింపు పొందడం అక్కడి పద్ధతి. రోజుల లెక్కపై నిలిచిన భారతీయ పద్ధతితో దీన్ని పోల్చి చూడటం విద్యా పరిశోధకులలో పరిపాటి.

భారతదేశంలో తొలి ప్రయత్నాలు

యూజీసీ 1956 చట్టంతో చట్టబద్ధ సంస్థ అయింది. 1960ల తొలి భాగంలో అమెరికా సాంకేతిక సహాయంతో విజ్ఞాన శాస్త్ర అధ్యాపకుల కోసం వేసవి సెలవుల్లో కొన్ని వారాలపాటు జరిగే సమ్మర్ ఇన్‌స్టిట్యూట్‌లు మొదలయ్యాయి. వీటిలో భౌతిక, రసాయన, జీవ, గణిత శాస్త్రాలలో వచ్చిన కొత్త పాఠ్యాంశాలపైనే దృష్టి ఉండేది. పాఠం చెప్పే తీరు గురించిన చర్చ అరుదు.

దౌలత్ సింగ్ కొఠారి అధ్యక్షతన 1964లో నియమితమై 1966లో నివేదిక ఇచ్చిన విద్యా కమిషన్ ఈ విషయాన్ని మరింత స్పష్టంగా పట్టించుకుంది. కొత్తగా చేరిన లెక్చరర్లకు ఉద్యోగారంభంలోనే పరిచయ శిక్షణ ఇవ్వాలని, పెద్ద విశ్వవిద్యాలయాలలో లేదా కొన్ని విశ్వవిద్యాలయాలకు ఉమ్మడిగా స్టాఫ్ కాలేజీలను నెలకొల్పి ఆ శిక్షణను శాశ్వత ప్రాతిపదికన నిర్వహించాలని అది సూచించింది. సిఫారసు కార్యరూపం దాల్చడానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఈ మధ్యకాలంలో యూజీసీ కళాశాలల విజ్ఞాన శాస్త్ర బోధనను మెరుగుపరచే కోసిప్ పథకాన్ని, మానవీయ, సామాజిక శాస్త్రాల కోసం కోసిప్‌ను పోలిన మరో పథకాన్ని 1970ల తొలి సంవత్సరాలలో చేపట్టింది. కళాశాల అధ్యాపకులు వేతనంతో సెలవు పొంది ఎంఫిల్, పీహెచ్‌డీ చేసేందుకు వీలిచ్చిన ఫ్యాకల్టీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్ వీటన్నిటికంటే ఎక్కువ ఆదరణ పొందింది. డిగ్రీ కళాశాలలలోని ఒక తరం అధ్యాపకులకు పరిశోధన పట్టా ఈ పథకం ద్వారానే దక్కింది.

1983లో కేంద్రప్రభుత్వం ఉపాధ్యాయుల స్థితిగతులపై రెండు జాతీయ కమిషన్లను నియమించింది. వాటిలో రైస్ అహ్మద్ అధ్యక్షత వహించిన రెండో కమిషన్ ఉన్నత విద్యను పరిశీలించింది. అదే కాలంలో అధ్యాపకుల వేతనాలను సమీక్షించిన ఆర్. సి. మెహ్రోత్రా కమిటీ, జీతాన్నీ పదోన్నతినీ వృత్తిపరమైన అభివృద్ధితో కలిపి చూసింది. 1986 జాతీయ విద్యా విధానం, దాని కార్యాచరణ ప్రణాళిక ఈ ధోరణులను ఒకచోట చేర్చాయి.

అకడమిక్ స్టాఫ్ కాలేజీలు

ఏడో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1987 నుంచి, యూజీసీ ఎంపికచేసిన విశ్వవిద్యాలయాలలో అకడమిక్ స్టాఫ్ కాలేజీలను నెలకొల్పింది. ఇవి విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉన్నా యూజీసీ నిధులతో, యూజీసీ మార్గదర్శకాల ప్రకారం నడిచేవి. ప్రతి దానికీ ఒక డైరెక్టరు, కొద్దిమంది బోధన సిబ్బంది, దూరప్రాంతాల నుంచి వచ్చేవారికి వసతి గృహం ఉండేవి. బోధనలో ఎక్కువ భాగాన్ని బయటి నుంచి పిలిచిన నిపుణులే నిర్వహించేవారు. వీరిని రిసోర్స్ పర్సన్లు అంటారు. కాలక్రమంలో దేశంలో ఇటువంటి కేంద్రాల సంఖ్య 66కు చేరింది.

అప్పట్లో ఈ కేంద్రాల ప్రధాన కార్యక్రమాలు రెండు. మొదటిదైన ఓరియంటేషన్ ప్రోగ్రామ్ నాలుగు వారాలు, అంటే 24 పనిదినాలలో 144 బోధన గంటలు. అన్ని సబ్జెక్టులవారూ ఇందులో కలిసి కూర్చునేవారు. యూజీసీ దీని పాఠ్యాంశాలను నాలుగు భాగాలుగా నిర్దేశించింది: సమాజం, పర్యావరణం, అభివృద్ధి, విద్యల మధ్య ఉన్న సంబంధం; విద్యా తత్త్వం, భారతీయ విద్యావ్యవస్థ, బోధన పద్ధతులు; వనరుల పరిజ్ఞానం, జ్ఞాన సృష్టి; నిర్వహణ, వ్యక్తిత్వ వికాసం. రెండోదైన రిఫ్రెషర్ కోర్సు మూడు వారాలు, 18 పనిదినాలలో 108 గంటలు. ఇది ఒకే సబ్జెక్టుకు లేదా దగ్గరి సంబంధమున్న కొన్ని సబ్జెక్టులకు పరిమితం. ఓరియంటేషన్ పూర్తయ్యాకే రిఫ్రెషర్‌కు వెళ్లడం సాధారణ క్రమం, రెంటి మధ్య ఏడాది ఎడం ఉండాలన్నది నియమం.

యూజీసీ చట్టంలోని 2ఎఫ్ సెక్షన్ కింద గుర్తింపు పొందిన కళాశాలల అధ్యాపకులు వీటికి అర్హులు. ఆ గుర్తింపు లేకపోయినా కనీసం ఐదేళ్లుగా విశ్వవిద్యాలయ అనుబంధం ఉన్న కళాశాలలవారిని కూడా అనుమతించేవారు. ఎంపికైన అధ్యాపకుడు తన ప్రిన్సిపాల్ నుంచి రిలీవింగ్ ఆర్డరు తీసుకుని, శిక్షణ కాలాన్ని ఆన్ డ్యూటీగా పరిగణించే వీలుతో కేంద్రానికి వెళ్తాడు. వేర్వేరు రాష్ట్రాలకు, భాషలకు చెందినవారు కొన్ని వారాలు ఒకే వసతి గృహంలో గడపడం ఈ కార్యక్రమాల అలిఖిత ప్రయోజనాలలో ముఖ్యమైనది. మారుమూల డిగ్రీ కళాశాలలో తన సబ్జెక్టుకు తానొక్కడే అధ్యాపకుడైనవానికి సమవృత్తికులతో దీర్ఘకాలం చర్చించే అవకాశం మరోచోట దొరకడం కష్టం.

2014 తరువాతి పునర్వ్యవస్థీకరణ

2014 డిసెంబరు 25న వారణాసిలో పండిత మదన్ మోహన్ మాలవీయ పేరిట ఉపాధ్యాయులకూ బోధనకూ సంబంధించిన జాతీయ మిషన్ ప్రారంభమైంది. దీని కింద విద్యా విభాగాలు, బోధన అభ్యసన కేంద్రాలు, సబ్జెక్టు నెట్‌వర్కులు వంటివి ఏర్పడ్డాయి. 2015లో అకడమిక్ స్టాఫ్ కాలేజీల పేరు మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా మారింది. అధ్యాపకులలో చాలామంది మాత్రం పాత పేరునే వాడుతూ వచ్చారు.

2018 నవంబరులో కేంద్రప్రభుత్వం ఆన్‌లైన్ మార్గాన్ని తెరిచింది. స్వయం అనే ఆన్‌లైన్ వేదికపై అర్పిత్ పేరుతో నడిచిన వార్షిక రిఫ్రెషర్ కార్యక్రమంలో 40 గంటల పాఠ్యసామగ్రి ఉండేది. అందులో సగం వీడియో పాఠాలు. చివరి పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి అది ఒక రిఫ్రెషర్ కోర్సుతో సమానమని యూజీసీ ప్రకటించింది. సీనియర్ అధ్యాపకులను పాలనా పదవులకు సిద్ధం చేసే లీప్ అనే మూడు వారాల నాయకత్వ శిక్షణ కూడా అప్పుడే మొదలైంది. ఇందులో రెండు వారాలు దేశంలో, ఒక వారం విదేశీ విశ్వవిద్యాలయంలో గడపాలి. 2019 డిసెంబరులో యూజీసీ విడుదల చేసిన గురుదక్షత మార్గదర్శిక, ఓరియంటేషన్ స్థానంలో నెల రోజుల ఇండక్షన్ ప్రోగ్రామ్‌ను రూపొందించింది.

2020లో కోవిడ్ కారణంగా కళాశాలలు మూతపడినప్పుడు ఈ కార్యక్రమాలన్నీ తెర మీదకు మారాయి. ప్రయాణం, వసతి ఖర్చులు లేకపోవడంతో చిన్న కళాశాలలు సైతం వారం రోజుల ఆన్‌లైన్ ఎఫ్‌డీపీలను నిర్వహించాయి. ఒకప్పుడు సీటు కోసం ఎదురుచూసిన అధ్యాపకుల వాట్సాప్‌కు ఆహ్వానాలు వరుసగా రాసాగాయి.

2023 సెప్టెంబరు 5న మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం ఆరంభమై, పాత మానవ వనరుల కేంద్రాలూ మిషన్ కింద ఏర్పడిన ఇతర కేంద్రాలూ కలిసి 111 మాలవీయ మిషన్ శిక్షణ కేంద్రాలుగా పునర్వ్యవస్థీకరణ పొందాయి. 2020 జాతీయ విద్యా విధానాన్ని పరిచయం చేసే కార్యక్రమానికి ఎనిమిది అంశాలను ఎంచుకున్నారు. సమగ్ర, బహుళ శాస్త్రీయ విద్య, భారతీయ జ్ఞాన వ్యవస్థలు, విద్యా నాయకత్వం, ఉన్నత విద్య–సమాజం, పరిశోధన–అభివృద్ధి, నైపుణ్యాభివృద్ధి, విద్యార్థుల వైవిధ్యం–సమ్మిళిత విద్య, సమాచార సాంకేతికత ఆ ఎనిమిది. 1987 నాటి నాలుగు భాగాలతో పోలిస్తే ఇందులో బోధన పద్ధతికి విడిగా ఒక శీర్షిక లేకపోవడం గమనించదగింది.

పదోన్నతితో అనుబంధం

భారతదేశంలో ఈ కార్యశాలల స్వరూపాన్ని నిర్ణయించిన ప్రధానాంశం పదోన్నతి నియమావళి. 1986 జనవరి 1 నుంచి వర్తించిన వేతన సవరణతో కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ వచ్చింది. ఖాళీలతో నిమిత్తం లేకుండా, నిర్ణీత సర్వీసు, ఇతర అర్హతలు ఉన్న అధ్యాపకుడికి పై స్కేలు ఇచ్చే ఈ పథకంలో రెండు రిఫ్రెషర్ కోర్సులు లేదా సమ్మర్ ఇన్‌స్టిట్యూట్‌లు పూర్తిచేయడం ఒక షరతు అయింది. అప్పటివరకు ఆసక్తి ఉన్నవారు వెళ్లే శిక్షణ ఆనాటి నుంచి ప్రతి అధ్యాపకుడి సర్వీసు రిజిస్టరులో ఉండవలసిన పత్రమైంది. కేంద్రాలలో సీట్లు చాలక శిక్షణ పూర్తిచేయలేకపోయినవారి కోసం యూజీసీ గడువులను పలుమార్లు పొడిగించింది.

2010 నిబంధనలు అధ్యాపకుడి పనిని మార్కులలో కొలిచే ఏపీఐ పద్ధతిని తెచ్చి, శిక్షణ కార్యక్రమాలనూ ఆ లెక్కలో చేర్చాయి. ఆ పద్ధతిపై వచ్చిన విమర్శల మీదట పలు సవరణలు జరిగి, 2018 నిబంధనలు దాన్ని చాలావరకు సరళీకరించాయి. వాటి ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ పదో అకడమిక్ లెవెల్ నుంచి పదకొండుకు వెళ్లాలంటే, పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లు, లేకుంటే ఐదు లేదా ఆరేళ్ల సర్వీసుతోపాటు, బోధన పద్ధతిపై 21 రోజుల ఓరియంటేషన్ పూర్తిచేయాలి. ఇది కాక రిఫ్రెషర్ లేదా పరిశోధన పద్ధతుల కోర్సు, ఎఫ్‌డీపీ, మూక్ అనే బహిరంగ ఆన్‌లైన్ కోర్సు, లేదా ఆన్‌లైన్ పాఠ్యసామగ్రి రూపకల్పన వంటివాటిలో ఏదో ఒకటి చేయాలి. పై మెట్లలో కోర్సుల కనీస వ్యవధి వారం నుంచి రెండు వారాలకు పెరుగుతుంది. వారం రోజుల కోర్సులకూ రెండు వారాల కోర్సులకూ ఉన్న గిరాకీ ఈ అంకెల నుంచే వచ్చింది. మూడు రోజుల కార్యశాల ఎంత ఉపయుక్తమైనా పదోన్నతి దరఖాస్తులో దానికి విలువ ఉండదు కనుక, నిర్వాహకులు విషయానికి తగిన వ్యవధిని కాక, నియమానికి తగిన వ్యవధిని ఎంచుకోవడం సాధారణమైంది.

కళాశాలలకు కూడా ఇటువంటి ప్రేరణే ఉంది. 1994లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన నాక్, అంటే జాతీయ మూల్యాంకన, గుర్తింపు మండలి, తన ఆరో ప్రమాణంలో అధ్యాపక సాధికారత అనే అంశం కింద ఎంతమంది అధ్యాపకులు శిక్షణ పొందారో లెక్కిస్తుంది. దీనితో అధ్యాపకుడి సర్టిఫికెట్ ప్రతి ఒకటి అతని ఫైలులోకి, మరొకటి కళాశాల అంతర్గత నాణ్యత విభాగం ఫైలులోకి చేరుతుంది (చూ. నాక్, కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్).

నిర్వహణ విధానం

ఒక కార్యశాలలో సాధారణంగా 30–40 మంది ఉంటారు. రోజుకు గంటన్నర చొప్పున నాలుగు సెషన్లు ఉండటం వాడుక. అంటే రోజుకు ఆరు గంటలు, పాత ఓరియంటేషన్‌లోని 144 గంటలు 24 రోజులకు సర్దుకున్నది ఈ లెక్కపైనే. పాల్గొనేవారు ఒక సెమినార్ పత్రం సమర్పించడం, ఒక చిన్న ప్రాజెక్టు చేయడం, బహుళైచ్ఛిక పరీక్ష రాయడం, ఒక పాఠం చెప్పి చూపడం వీటిలో ఎక్కువగా కనిపించే అంశాలు. వీటి ఆధారంగా గ్రేడు ఇస్తారు; కనీస మార్కులు రానివారు కార్యక్రమాన్ని మళ్లీ చేయవలసి ఉంటుంది.

పాఠం చెప్పి చూపే పద్ధతులలో పేరెన్నికగన్నది మైక్రోటీచింగ్, అంటే సూక్ష్మబోధన. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు రూపొందించిన ఈ పద్ధతిలో, పూర్తి పాఠాన్ని కాక ఒక్క నైపుణ్యాన్ని, ఉదాహరణకు పాఠాన్ని ప్రారంభించడం, లోతుకు తీసుకెళ్లే ప్రశ్నలు వేయడం, బోర్డు వాడటం వంటివాటిలో ఒకదాన్ని, ఐదారు నిమిషాలపాటు కొద్దిమంది ముందు అభ్యాసం చేస్తారు. భారతదేశంలో ఎన్‌సీఈఆర్‌టీ ఆధ్వర్యంలో స్థిరపడిన నమూనాలో ఒక చక్రం 36 నిమిషాలు: బోధనకు ఆరు, విమర్శకు ఆరు, పాఠాన్ని తిరిగి ప్రణాళిక వేసుకోవడానికి పన్నెండు, తిరిగి బోధించడానికి ఆరు, రెండో విమర్శకు ఆరు. చక్రంలో మూడో వంతు సమయాన్ని పునఃప్రణాళికకు కేటాయించడంలోనే ఈ పద్ధతి కీలకం ఉంది. లోపం చెప్పించుకోవడం కంటే, చెప్పిన వెంటనే దాన్ని సరిదిద్దుకుని మళ్లీ నిలబడటం నేర్పేది ఎక్కువ. 40 మంది ఉన్న బృందంలో అందరికీ పూర్తి చక్రం జరపాలంటే 24 గంటలు పడుతుంది. అందువల్ల ఆచరణలో ఒక్కొక్కరు ఒకసారి పాఠం చెప్పి, రెండు మాటలు విని కూర్చోవడంతో అది ముగుస్తుంటుంది. ఇక్కడ విద్యార్థుల పాత్ర ధరించేవారు తోటి అధ్యాపకులే కనుక, నిజమైన తరగతిలోని అజ్ఞానం, అలసట, అల్లరి ఏవీ ఆ గదిలో ఉండవన్న పరిమితి కూడా ఉంది.

పరీక్షల రూపకల్పనపై జరిగే సెషన్లలో బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ప్రతిపాదించిన, 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ సవరించిన వర్గీకరణ ప్రధానాధారం. జ్ఞప్తి, అవగాహన, అన్వయం, విశ్లేషణ, మూల్యాంకనం, సృజన అనే ఆరు స్థాయిలలో తమ పాత ప్రశ్నపత్రాలను విడదీసి చూసినప్పుడు ప్రశ్నలలో అధిక భాగం మొదటి రెండు స్థాయిలలోనే ఉన్నట్లు అధ్యాపకులు స్వయంగా గుర్తించడం ఈ అభ్యాసం ఉద్దేశం. ఆన్‌లైన్ బోధనకు సంబంధించిన శిక్షణలో నాలుగు పాదాల పద్ధతిని నేర్పుతారు. వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, చర్చావేదిక, స్వీయ పరీక్ష అనేవి ఆ నాలుగు పాదాలు. స్వయం వేదికకు కోర్సు తయారుచేసేవారందరూ దీన్ని పాటించాలి.

వృత్తివిద్యా రంగాలు

సాంకేతిక విద్యలో అధ్యాపక శిక్షణ యూజీసీ కేంద్రాల కంటే ముందే సంస్థాగత రూపం పొందింది. 1960ల మధ్యలో చెన్నై, కోల్‌కతా, భోపాల్, చండీగఢ్‌లలో పాలిటెక్నిక్ అధ్యాపకుల కోసం నెలకొల్పిన శిక్షణ సంస్థలు నేడు ఎన్‌ఐటీటీటీఆర్‌లుగా కొనసాగుతున్నాయి. అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అంటే ఏఐసీటీఈ, నడిపే క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్ ఇంజనీరింగ్ అధ్యాపకులు ఐఐటీల వంటి సంస్థలలో పైచదువులు చదివే వీలు కల్పించింది. ఆ మండలే కొత్తగా చేరిన అధ్యాపకుల కోసం ఎనిమిది మాడ్యూళ్ల ఆన్‌లైన్ శిక్షణను, అటల్ అకాడమీ పేరుతో కృత్రిమ మేధ వంటి నూతనాంశాలపై స్వల్పకాలిక ఎఫ్‌డీపీలను నిర్వహిస్తోంది. 2014 జూన్‌లో భారతదేశం ఇంజనీరింగ్ పట్టాల పరస్పర గుర్తింపుకు సంబంధించిన వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందాక, ఫలితాధారిత విద్యపై కార్యశాలలు విరివిగా జరిగాయి. ప్రతి కోర్సు ఆశించే ఫలితాలను మొత్తం ప్రోగ్రామ్ ఫలితాలతో అనుసంధానించి పట్టిక వేయడం, అధ్యాపకుల మాటల్లో కో–పో మ్యాపింగ్, ఈ శిక్షణలో ప్రధాన విషయం.

వైద్యవిద్యలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 1970ల మధ్యలో పుదుచ్చేరిలోని జిప్‌మర్‌లో ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మార్గదర్శి. 2009 నుంచి భారత వైద్యమండలి వైద్యవిద్యా సాంకేతికతపై ప్రాథమిక కార్యశాలను ప్రోత్సహించి, ఎంపికచేసిన ప్రాంతీయ కేంద్రాల ద్వారా ప్రతి వైద్య కళాశాలలోని శిక్షణ విభాగాన్ని పర్యవేక్షించే ఏర్పాటు చేసింది. 2019లో సామర్థ్యాధారిత ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక అమలైనప్పుడు దాన్ని బోధించవలసినవారికి ముందుగా శిక్షణ ఇచ్చేందుకు దేశవ్యాప్తంగా ప్రత్యేక కార్యక్రమం నడిచింది. కొత్త పాఠ్యప్రణాళికనూ అధ్యాపక శిక్షణనూ ఒకే తేదీకి జతచేసిన సందర్భాలు భారత ఉన్నత విద్యలో ఎక్కువ లేవు. వైద్యవిద్యకు ఈ విషయంలో ప్రత్యేక స్థానం ఉంది.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు సంబంధించిన శిక్షణలో హైదరాబాదులోని నార్మ్ ప్రధాన సంస్థ. 1976లో భారత వ్యవసాయ పరిశోధన మండలి రాజేంద్రనగర్‌లో స్థాపించిన ఈ అకాడమీ, కొత్తగా నియమితులైన వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఫౌండేషన్ కోర్సును, వ్యవసాయ అధ్యాపకులకు బోధన, పరిశోధన నిర్వహణపై కోర్సులను నడుపుతుంది.

తెలుగు రాష్ట్రాలలో

తెలుగు ప్రాంతంలో యూజీసీ కేంద్రాలు ఉస్మానియా విశ్వవిద్యాలయం, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, హైదరాబాదు జేఎన్‌టీయూ, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలో ఏర్పడ్డాయి. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయ కేంద్రం తరువాత చేరింది. ఆరింటిలో నాలుగు హైదరాబాదులోనే ఉండటం వల్ల రాయలసీమ, కోస్తా జిల్లాలవారికి తిరుపతి, విశాఖ కేంద్రాలే దగ్గరి ఆధారం. జేఎన్‌టీయూ కేంద్రం ఇంజనీరింగ్ అధ్యాపకులకు ఉపకరించే కార్యక్రమాలకు పేరుపొందింది. వరంగల్ ఎన్‌ఐటీలోని ఎలక్ట్రానిక్స్, ఐసీటీ అకాడమీ కూడా సాంకేతిక కళాశాలల అధ్యాపకులకు స్వల్పకాలిక శిక్షణ ఇస్తోంది.

యూజీసీ కేంద్రాలకు మూడు దశాబ్దాల ముందే హైదరాబాదుకు ఈ రంగంలో చరిత్ర ఉంది. 1958లో ఇక్కడ నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్, దేశం నలుమూలల నుంచి వచ్చే ఇంగ్లీషు అధ్యాపకులకు నెలల తరబడి సాగే శిక్షణ ఇచ్చింది. భాషను సాహిత్యంగా కాక రెండో భాషగా ఎలా నేర్పాలి అన్న ప్రశ్నను కళాశాల అధ్యాపకుల ముందు పెట్టిన తొలి జాతీయ సంస్థలలో ఇది ఒకటి. కాలక్రమంలో సీఫెల్‌గా, ఆపై ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా విస్తరించింది.

తెలుగు సబ్జెక్టులో జరిగే రిఫ్రెషర్ కోర్సులలో ప్రాచీన సాహిత్యం, ఆధునిక సాహిత్య ధోరణులు, భాషాశాస్త్రం, సాహిత్య విమర్శ, అనువాదం, జానపద విజ్ఞానం ప్రధానాంశాలుగా ఉంటాయి. స్త్రీవాద, దళిత సాహిత్య విమర్శలు 1990ల నుంచి డిగ్రీ, పీజీ తరగతులలోకి ప్రవేశించిన క్రమంలో, విశ్వవిద్యాలయాలలో చర్చకు వచ్చిన అంశాలు కళాశాల అధ్యాపకులకు చేరే దారులలో ఈ కోర్సులు ఒకటి. ఇతర సబ్జెక్టులలో శిక్షణ భాష ఇంగ్లీషే. తెలుగు మాధ్యమంలో పాఠం చెప్పే అధ్యాపకుడు, ఇంగ్లీషులో నేర్చుకున్న పద్ధతిని తన తరగతికి అన్వయించుకునే బాధ్యతను తానే మోయవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021–22 నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చినప్పుడు సమస్య రూపం మారింది: తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థులకు ఇంగ్లీషులో బోధించడం ఎలా అన్నది శిక్షణలో ప్రత్యేకాంశం కావలసి వచ్చింది.

మూల్యాంకనం, వివాదాంశాలు

శిక్షణ ఫలితాన్ని కొలవడానికి ఎక్కువగా వాడే చట్రం అమెరికన్ విద్యావేత్త డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించిన నాలుగు స్థాయిలది. పాల్గొన్నవారి అభిప్రాయం మొదటి స్థాయి, వారు నేర్చుకున్నది రెండో స్థాయి, పనిలో వచ్చిన మార్పు మూడోది, సంస్థకు, అంటే ఇక్కడ విద్యార్థులకు, కలిగిన మేలు నాలుగోది. భారతీయ కేంద్రాలలో చివరి రోజున నింపించే ఫీడ్‌బ్యాక్ పత్రం మొదటి స్థాయికి, గ్రేడు కోసం పెట్టే పరీక్ష రెండో స్థాయికి చెందుతాయి. అధ్యాపకుడు కళాశాలకు తిరిగి వెళ్లాక అతని పాఠాన్ని చూసే ఏర్పాటు యూజీసీ నియమాలలో లేకపోవడంతో మూడు, నాలుగు స్థాయిలు కొలత పరిధిలోకే రావు.

పదోన్నతితో ముడిపెట్టడంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ షరతు లేకపోతే అధ్యాపకులలో అత్యధికులు శిక్షణ గదికే రారని, కనీస స్థాయి పరిచయమైనా అందరికీ అందడానికి అదే కారణమని సమర్థకుల వాదన. షరతు వల్ల హాజరే లక్ష్యమైపోయి, ఒకే అధ్యాపకుడు తన సబ్జెక్టుతో సంబంధం లేని కోర్సులో కూడా ఖాళీ ఉన్నచోట చేరడం, ఉపన్యాసకులు అన్ని సబ్జెక్టులవారికీ సరిపోయే సాధారణాంశాలకే పరిమితం కావడం జరుగుతున్నాయని విమర్శకుల వాదన. రెండు వాదాలూ ఒకే వాస్తవాన్ని రెండు వైపుల నుంచి చూస్తున్నాయి. అయితే బోధనలో మార్పునే లెక్కించే ప్రత్యామ్నాయ విధానాన్ని ఏ నియమావళీ ఇంతవరకు అమలులోకి తేలేదు. ఆన్‌లైన్ కోర్సులు అందుబాటును పెంచినా, వీడియో ఆపి ఉంచి హాజరు వేయించుకునే వెసులుబాటు వల్ల ఈ చర్చను మరింత తీవ్రం చేశాయి.

శిక్షణను ఉద్యోగానికి ముందుకు జరపాలన్న ఆలోచన ఇటీవల బలపడింది. పీహెచ్‌డీలో చేరిన ప్రతి ఒక్కరూ తమ సబ్జెక్టుకు సంబంధించిన బోధన, రచనలపై క్రెడిట్ కోర్సులు చేయాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. 2022 నవంబరులో వెలువడిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు దాన్ని చేర్చుకుని, పరిశోధకులకు వారానికి నాలుగు నుంచి ఆరు గంటల బోధన లేదా పరిశోధన సహాయక పని అప్పగించవచ్చని పేర్కొన్నాయి.

తాత్కాలిక అధ్యాపకులు

కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, తాత్కాలిక అధ్యాపకులు కనీసం మూడు అకడమిక్ సెషన్లు బోధించి ఉంటే స్టాఫ్ కాలేజీ కార్యక్రమాలలో పాల్గొనవచ్చని యూజీసీ మార్గదర్శకాలు అనుమతించాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డిగ్రీ కళాశాలలలో కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్లు తరగతుల భారంలో పెద్ద వాటా మోస్తున్నారు కనుక ఈ నియమానికి ఇక్కడ ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. అయితే పదోన్నతి పథకం రెగ్యులర్ ఉద్యోగులకే వర్తిస్తుంది. తీసుకున్న తరగతులకే వేతనం పొందే గెస్ట్ లెక్చరరుకు శిక్షణ కాలంలో ఆన్ డ్యూటీ సౌకర్యం ఉండదు. మూడు వారాల కోర్సుకు వెళ్తే అన్ని వారాల రాబడిని వదులుకోవలసిందే. సాయంత్రం వేళల్లో జరిగే ఆన్‌లైన్ కోర్సులు ఈ అవరోధాన్ని కొంతవరకు తగ్గించాయి (చూ. కాంట్రాక్టు అధ్యాపక వ్యవస్థ).